పొర లేచిన బల్లను గీకే ముందు

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని ఇంటి పేజీలో పాత కర్రసామానును కొత్తగా చేసుకోవడం గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పాత సామానును తూకానికి అమ్మేయవద్దని చెప్పినందుకు ఆ రచయితను మెచ్చుకోవలసిందే. అయితే పైపొర, అంటే వడ్రంగులు వెనీర్ అనే పలుచని చెక్కపొర, లేచిపోయిన బల్లలూ బీరువాల విషయంలో అందులో ఇచ్చిన సలహా నన్ను కలవరపెట్టింది. పొరనంతా గీకేసి, మిషన్‌తో గరుకు కాగితం పట్టించి, లప్పం పూసి, నచ్చిన రంగు వేసుకోమని ఆ వ్యాసం చెబుతోంది. వడ్రంగి కొడుకుగా పుట్టి, ముప్పై ఏళ్ళకు పైగా ఐటీఐలో వడ్రంగం నేర్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు తెలిసినంతలో, ఆ పని చేయదగ్గ సామాను కొంత ఉంటుంది గానీ, చేయకూడనిదే ఎక్కువ ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి ముందుగా చూడవలసింది చెక్కనూ కాదు, రంగునూ కాదు, పొర కింద ఉన్న జిగురును. ఆ జిగురు ప్రస్తావన వ్యాసంలో ఒక్క వాక్యంలోనైనా లేకపోవడం వల్లనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా విజయవాడ వాళ్ళకు ఇది కాలక్షేపానికి మాట్లాడుకునే విషయం కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. వాటిలో కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక ఇంటింటి ముందూ బురద పట్టిన మంచాలూ టీవీ స్టాండ్లూ బీరువాలూ కుప్పలుగా పడి ఉండగా నేను చూశాను. ఆ కుప్పల్లో ఎక్కువ భాగం చెక్కపొట్టును జిగురుతో ఒత్తి చేసిన బోర్డు సామానే. అది నీరు తాగితే నానబెట్టిన రస్కులా ఉబ్బి, ఎండాక కూడా వెనక్కి తగ్గదు కాబట్టి, పారేయడం తప్ప గత్యంతరం లేదు. వాటి మధ్యన అక్కడక్కడా యాభై, అరవై ఏళ్ళ నాటి టేకు బల్లలూ, ముస్తాబు చేసుకునే అద్దాల బల్లలూ, రేడియో పెట్టెలూ కూడా కనిపించాయి. వాటిలో చాలావాటికి జరిగిన నష్టమల్లా పైపొర ఊడిపోవడం. లోపలి చట్రం చెక్కు చెదరలేదు. పొర ఊడింది కాబట్టి సామాను పోయిందనుకుని జనం వాటినీ బయట పెట్టేశారు. గీకి రంగు వేయమనే సలహా ఆ రోజుల్లో కూడా చాలా నోళ్ళలో తిరిగింది.

సింగ్‌నగర్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురి ఇంట్లో అలాంటి అద్దం బల్ల ఒకటి ఉండేది. అది ఆవిడ అత్తగారి సారెతో వచ్చిన సామాను. అడుగున ఉన్న రెండు సొరుగులూ మూడు రోజుల పాటు నీళ్ళలో ఉన్నాయి. నేను వెళ్ళేసరికి సొరుగుల ముఖాల మీది రోజ్‌వుడ్ పొర, వేసవిలో ఎండిన చెరువు అడుగున మట్టి పెళ్ళలు లేచినట్టు, అంచులు పైకి ముడుచుకుని నిలబడి ఉంది. అక్కయ్య కొడుకు పాత సామాన్ల వాడికి కబురు కూడా పెట్టాడు. "తమ్ముడూ, దీన్ని బాగుచేసే పనైతే నువ్వే తీసుకుపో, లేదంటే నా కళ్ళముందు మాత్రం పగలగొట్టించకు" అని అక్కయ్య అంటే, ఆటో మాట్లాడి మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ బల్ల మీద చేసిన పనినే ఆధారంగా చేసుకుని మిగతా విషయాలు చెబుతాను.

ముందు ఒక అపోహ. వెనీర్ అంటే నకిలీ అనీ, లోపల ఉన్నదే అసలు చెక్క అనీ, పైపొర తీసేస్తే అసలు అందం బయటపడుతుందనీ మీ వ్యాసంలో ధ్వనించింది. వెనీర్ అసలైన చెక్కే. సన్‌మైకా వంటివాటిలో ఉండేది కాగితమూ రసాయన బంకా. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వెనీర్‌కు చెడ్డపేరు వచ్చింది. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో నల్లచేవ పొరలు, దంతపు పొరలు అతికిన సామాను దొరికిందంటే, ఈ పనితనం ఎంత పాతదో ఊహించుకోవచ్చు. ఖరీదైన చేవకర్రను పొదుపుగా వాడటం ఒక్కటే దీని ప్రయోజనం కాదు. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన రెండు పొరలను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిస్తే, నార గీతలు, అంటే చెక్కలోని పోగుల వరసలు, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా కుదురుతాయి. దళసరి పలకతో ఆ పని అంత తేలిక కాదు. ఇక లోపల ఉండే చెక్క సంగతి చెప్పాలంటే, అది కంటికి కనిపించడానికి ఉద్దేశించినది కాదు. మేము దాన్ని అడుగు చెక్క అంటాం. ముళ్ళూ అతుకులూ మేకు తలలూ ఉన్న మామూలు చెక్కను అక్కడ వాడేవారు. పొర గీకాక కనబడేది ఇదే. అందుకే గీకినవాళ్ళు చివరకు లప్పం డబ్బానూ రంగు డబ్బానూ ఆశ్రయించక తప్పదు.

ఇక జిగురు విషయానికి వస్తాను. ఫెవికాల్ మన దేశంలో మార్కెట్లోకి వచ్చింది 1959లో. అది ఊరూరా వడ్రంగుల చేతికి చేరడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. అంతకుముందు మా వృత్తిలో వాడింది సరేసు, వజ్రం అని కూడా అంటారు, పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు. గోధుమరంగు పలుకుల్లా ఉండే సరేసును మా నాన్నగారు రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే పెరట్లో కుంపటి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించేవారు. ఆ వాసన భరించడం కష్టం. మా అమ్మ ఆ గిన్నెను వంటింటి గుమ్మం దాటనిచ్చేది కాదు. వానాకాలం పెరట్లో కుంపటి రాజుకోని రోజుల్లో కూడా, ఆవిడ ఈ విషయంలో ఒక్క మెట్టు దిగలేదు. సరేసు మరగకూడదు. వేలు పెడితే చురుక్కుమనేంత, అంటే సుమారు 60 డిగ్రీల వేడి చాలు. మరిగితే పట్టు పోతుంది. నాన్నగారికి థర్మామీటరు లేదు గానీ, కుంచె ఎత్తినప్పుడు జిగురు ధార తెగకుండా, చప్పుడు లేకుండా తేనెలా జారాలని చెప్పేవారు.

ఆ జిగురుకు ఉన్న బలహీనతే దాని గొప్పతనం కూడా. వేడీ తేమా కలిసి తగిలితే అది ఎన్నేళ్ళ తరువాతైనా మెత్తబడుతుంది. చల్లారి ఆరితే మళ్ళీ గట్టిపడుతుంది. వరదలోనూ, కోస్తా ఉక్కపోతలోనూ పాత సామాను పొరలు లేవడానికి ఈ గుణమే కారణం. విప్పి మళ్ళీ అతుక్కోవడానికి వీలు కల్పించేదీ అదే. ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతో ఈ వెసులుబాటు చాలా తక్కువ. ప్లైవుడ్ తయారీలో వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ బంకతోనైతే ఇక లేనే లేదు. అందువల్ల పొర లేచిన బల్ల ఎదుట పడితే మొదటి ప్రశ్న, ఏ జిగురు అని.

దీన్ని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. లేచిన పొర కింద, బయటికి కనిపించని మూల, బ్లేడుతో కొద్దిగా జిగురు గీరి ఒక పళ్ళెంలో వేసి, దాని మీద రెండు చుక్కలు వేడినీళ్ళు వేయాలి. సరేసు అయితే అయిదు, పది నిమిషాల్లో మెత్తబడి, రెండు వేళ్ళ మధ్య నలిపితే తీగలా సాగుతుంది, పచ్చితోలు వాసన వస్తుంది. తెల్ల జిగురైతే పాలలా తెల్లబారి రబ్బరులా అవుతుంది, కరగదు. పసుపుపచ్చగా, ముందునుంచే రబ్బరులా ఉండి, థిన్నర్ తగిలితే జారేది చెప్పుల తయారీలో కూడా వాడే అతుకు బంక. ఏం చేసినా చలించకుండా గాజులా గట్టిగా ఉండేది యూరియా బంక. అక్కయ్య గారి అద్దం బల్లలో గీరింది మొదటి రకమని తేలగానే నాకు సగం బరువు దిగిపోయింది.

తడిసిన సామానును ఎండలో పెట్టడం మనవాళ్ళు చేసే మొదటి తప్పు. తేమ తగిలితే చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే అడ్డంగానే కుంచించుకుంటుంది. నార పొడవునా వచ్చే మార్పు లెక్కలోకి రానంత. పైపొర పలుచన కాబట్టి గంటల్లో ఎండి కుంచించుకుంటుంది. అడుగు చెక్క మందం కాబట్టి వారాల పాటు తడిగానే ఉంటుంది. ఆ పెనుగులాటలోనే పొర చీలుతుంది. నీడన, గాలి ఆడే చోట, సొరుగులన్నీ బయటికి లాగి, కాళ్ళ కింద ఇటుక ముక్కలు పెట్టి, కనీసం నాలుగైదు వారాలు ఓపిక పట్టాలి. అంతకంటే ముందుగా చేయవలసిన పని ఒకటుంది. ఊడిన ముక్కలను, అవి వేలిగోరంతవైనా సరే, ఏరి దాచుకోవాలి. ప్రతి ముక్క వెనుకా పెన్సిల్‌తో అంకె వేసి, అది ఎక్కడిదో ఒక కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టుకోవాలి. అక్కయ్య వాళ్ళింట్లో బురద ఎత్తిపోసే బుట్టలో నుంచి నేను పదకొండు ముక్కలు ఏరాను. రెండు దొరకలేదు. వాటి సంగతి తరువాత చెబుతాను.

ముక్కలను చదునుగా ఆరబెట్టడానికి పాత దినపత్రికల మధ్య పెట్టి పైన బరువు ఉంచడం మంచి పద్ధతే. అయితే జిగురు పూసి పొరను అతికించాక దాని మీద మాత్రం వార్తాపత్రిక వేయకూడదని మీకు కూడా విన్నవించుకుంటున్నాను. మా వీధిలో ఒకరి బీరువా తలుపు మీద, ఎదురు తిరిగిన అక్షరాల్లో ఒక చీరల దుకాణం ఆషాఢం తగ్గింపు ప్రకటన ఇప్పటికీ చదువుకోవచ్చు. అక్కడ వాడవలసింది వెన్నకాగితం, లేదా మామూలు పాలిథీన్ షీటు.

ఇక అతికించే పని. అద్దం బల్ల పైభాగం నీళ్ళలో మునగలేదు. అక్కడ తేమకు పొర కొన్ని చోట్ల పొంగిందే తప్ప కింద పాత సరేసు అలాగే ఉంది. వేలిగోటితో కొడుతూ పోతే గట్టిగా అతికి ఉన్నచోట టక్‌మని, పొంగినచోట డొల్లగా వినబడుతుంది. డొల్ల వినబడిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాను. తడిపి బాగా పిండిన నూలు గుడ్డను ఆ గీతల మీద పరిచి, ఇస్త్రీపెట్టెను పట్టుబట్టల గుర్తు దగ్గర ఉంచి, పది, పదిహేను సెకన్ల చొప్పున అద్ది తీశాను. నూలు గుర్తు దాకా తిప్పితే చెక్క మాడుతుంది. మూడోసారి అద్దాక అంచున చిన్న గోధుమరంగు చుక్క ఉబికింది, జిగురు మేలుకున్నదనడానికి అదే గుర్తు. వెంటనే నునుపైన టేకు ముక్కతో మధ్య నుంచి అంచుకు, నార వెంట, గట్టిగా నొక్కుతూ లాగి, వెన్నకాగితం వేసి, ఇసుక సంచి పెట్టాను. ఇటుకో రాయో పెడితే ఎత్తుపల్లాల మీద సమంగా కూర్చోవు. ఇసుక సంచి ఒళ్ళు వంచి ప్రతి పల్లంలోకీ దిగుతుంది. ఒక రోజంతా దాన్ని కదపకూడదు. మర్నాడు గోటితో కొడితే అన్నిచోట్లా టక్‌మంది, ఒక్క మూల తప్ప. ఆ మూలకు మళ్ళీ ఇదంతా చేయవలసి వచ్చింది.

ఈ పనిలో పాత మెరుగు చెడుతుందని ముందే తెలుసుకోవాలి. ఆ కాలపు సామానుకు వేసింది చపడాను స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్. తడిగుడ్డా వేడీ తగిలితే అది తెల్లబారుతుంది. చూసి కంగారు పడనక్కర్లేదు. పని అంతా అయ్యాక దూది మూటతో స్పిరిట్ అద్ది, తరువాత కొత్త లక్క పాలిష్ పలుచగా అనేక పూతలు వేస్తే మెరుగు తిరిగి వస్తుంది. అయితే స్పిరిట్ తుడిచిన చోటికి ఇస్త్రీపెట్టెను తీసుకురాకండి. స్పిరిట్ ఆవిరి ఎంత తొందరగా అంటుకుంటుందో నాకు తెలుసు. మా షెడ్డులో ఒక శిక్షణార్థి కనుబొమలు పోగొట్టుకున్నాడు.

అడుగు సొరుగుల ముఖాల సంగతి వేరు. అక్కడ వరదనీరు పాత జిగురును కడిగేసి, దాని స్థానంలో సన్నని ఒండ్రు నింపింది. ఒండ్రు మీద ఏ జిగురూ పట్టదు. పాత పళ్ళకుంచెతో, గోరువెచ్చని నీళ్ళతో, లేచిన పొరను విరగకుండా వేలితో ఎత్తి పట్టుకుని, లోపలి ఇసుక రేణువులన్నీ తీయడానికే నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. ముడుచుకున్న పొరను పొడిగా ఉండగా నొక్కితే పుటుక్కున విరుగుతుంది. దాన్ని తడిగుడ్డ ఆవిరితో మెత్తబరిచి, రెండు పలకల మధ్య బిగించి, చదును చేసుకున్నాకే అతకాలి. ఇక్కడ నేను కొత్తగా సరేసు నానబెట్టుకున్నాను. సరేసు దొరకనివాళ్ళు ఫెవికాల్ వాడవచ్చా అని అడుగుతారు. వాడవచ్చు, రెండు షరతుల మీద. పాత సరేసు ఆనవాలు కూడా లేకుండా వేడినీటితో తుడిచి ఆరబెట్టాలి, ఎందుకంటే సరేసు పొర మీద ఫెవికాల్ సరిగా పట్టదు. మరి, ఇంకో నలభై ఏళ్ళకు ఆ పొర మళ్ళీ లేస్తే, అప్పటి వడ్రంగి మనల్ని తిట్టుకుంటాడని కూడా ఒప్పుకోవాలి. రోజూ అన్నం తినే భోజనాల బల్లకైతే నేనూ ఫెవికాలే వాడతాను. తరాలుగా వస్తున్న సామానుకు మాత్రం వాడను.

బుడగలా ఉబ్బి, చుట్టూ గట్టిగా ఉన్నచోట్ల పొరను ఊడదీయనక్కర్లేదు. కొత్త బ్లేడుతో నార వెంట ఒక సన్నని గాటు పెట్టాలి, అడ్డంగా పెడితే ఆ మచ్చ జన్మంతా కనిపిస్తుంది. మందుల దుకాణంలో దొరికే సిరంజితో గాటులోంచి కొంచెం జిగురు పంపి, వేలితో నిమిరి, మిగులు జిగురును తడిగుడ్డతో తుడిచి, వెన్నకాగితమూ బరువూ పెడితే సరిపోతుంది. ఎక్కువ జిగురు పంపితే అది లోపలే గడ్డకట్టి బుడగకు బదులు బొడిపె మిగులుతుంది.

దొరకని ముక్కల చోట మాసిక వేయాలి. మన చేయి సహజంగా చతురస్రంగా కోస్తుంది. చతురస్రపు మాసిక ఎంత బాగా కుదిరినా, నారకు అడ్డంగా ఉన్న రెండు అంచులూ కంటికి కొడతాయి. వేపాకు ఆకారంలో, రెండు కొసలూ నార వెంట సన్నగా సాగేటట్టు కోస్తే కన్ను ఆ అంచును పట్టుకోలేదు. ముందు మాసికను కోసుకుని, దాన్ని దెబ్బతిన్న చోట మీద పెట్టి, దాని చుట్టూ బ్లేడుతో గీసి, ఆ గీత ప్రకారం పాత పొరను తీయాలి. పాత పొరను ముందు కోసి, దానికి తగిన మాసిక కోసం తరువాత వెతికితే ఎన్నడూ కుదరదు. ఇంకొక సూక్ష్మం ఏమిటంటే, ఒకే చెక్కముక్కను ఇటు తిప్పితే లేతగా, అటు తిప్పితే ముదురుగా కనిపిస్తుంది, వెలుతురు నార మీద పడే తీరును బట్టి. నేను కోసిన మొదటి మాసిక రంగు సరిపోలేదని పారేయబోయి, తిప్పి పెట్టి చూస్తే కలిసిపోయింది. అప్పటి నుంచి మాసిక వెనుక బాణం గుర్తు వేయడం అలవాటు చేసుకున్నాను. మందం సరిపోవడం కూడా ముఖ్యమే. రంపంతో కోసిన పాతకాలపు పొర ఒక మిల్లీమీటరుకు పైనే ఉంటుంది, ఇప్పుడు దుకాణంలో అమ్మే పొర సుమారు అర మిల్లీమీటరు. రెండు కొత్త పొరలు ఒకదాని మీద ఒకటి అతికి వాడవచ్చు. నేను మాత్రం అద్దం వెనుక, గోడవైపు ఉండి ఎవరూ చూడని అంచు నుంచి రెండు వేళ్ళ వెడల్పు పాత పొరనే తీసుకున్నాను.

మందం మాట వచ్చింది కాబట్టి, గరుకు కాగితం మిషన్ గురించి కూడా చెప్పక తప్పదు. అర మిల్లీమీటరు అంటే సుమారు రెండు విజిటింగ్ కార్డులు కలిపినంత. దాని మీద మిషన్ పెట్టి నిలబడితే, లెక్కపెట్టుకునేలోగా అడుగు చెక్క బయటపడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక అధికారి గారి టేబులును నునుపు చేయబోయి, సరిగ్గా మధ్యన అమావాస్య వెళ్ళిన మూడోనాటి చంద్రవంకంత తెల్లని మచ్చ తెచ్చాను. దాన్ని కప్పిపుచ్చడానికి అక్కడ ఒక దళసరి గాజుపలక వేయించి, అలంకారం కోసమని నమ్మించాను. తప్పు నాది, మిషన్‌ది కాదు. వెనీర్ మీద 180, 220 నంబరు కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి, చేత్తో, నార వెంట, పాత పాలిష్ పోయేటంత మేరకే రుద్దాలి. పాత పాలిష్ స్పిరిట్‌కు కరిగేదైతే అసలు కాగితమే అక్కర్లేదు.

పొరను పూర్తిగా తీసేయవలసిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని కాదనను. సగానికి పైగా పొర లేకుండా పోయినప్పుడు, పొర అంతటా చిన్న చిన్న నెర్రెలు పాకినప్పుడు, పురుగు తిని పొర కింద పొడి మాత్రమే మిగిలినప్పుడు, తీసి కొత్త పొర వేయడమే మేలు. సరేసు అతుకైతే తడిగుడ్డలు పరిచి, పైన పాలిథీన్ కప్పి ఒక రాత్రి ఉంచి, పొద్దున్న ఇస్త్రీపెట్టె వేడి తగిలిస్తూ, వెడల్పాటి లప్పం రేకును దాదాపు పడుకోబెట్టినట్టుగా పట్టి, నార వెంట తోస్తూ పోతే, దోసె పెనం మీద నుంచి లేచినట్టు పెద్ద పెద్ద ముక్కలుగా వస్తుంది. కొంచెం గోరువెచ్చని వెనిగర్ చల్లితే మొండి చోట్లు కూడా లొంగుతాయి. అలా వచ్చిన ముక్కలను పారేయకండి, ఇంకో బల్ల మాసికకు పనికొస్తాయి. యూరియా బంక అయితే ఈ తంటాలేవీ ఫలించవు. అక్కడ చిత్రిక గానీ గరుకు కాగితం గానీ పట్టవలసిందే, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చాలా ఏళ్ళయింది. పైన పాత రంగు కూడా ఉంటే మరీ జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందటి రంగును పొడిగా గీకి ఇంట్లో, పిల్లలు తిరిగే చోట దుమ్ము లేపమని ఎవరూ సలహా ఇవ్వకూడదు.

కొత్త పొర వేసేవాళ్ళు మరచిపోయే మాట ఒకటుంది. పలకకు ఒకవైపే పొర వేస్తే అది ఆరుతూ పలకను తనవైపు లాగి, విస్తరాకులా వంచేస్తుంది. కనిపించకపోయినా వెనుకవైపు కూడా ఒక చవక పొర వేయాలి. ప్లైవుడ్‌లో పొరలు బేసి సంఖ్యలో, ఒకదానికొకటి అడ్డంగా ఉండటం కూడా ఈ తూకం కోసమే.

ఇటీవలి ఇళ్ళలోని వార్డ్‌రోబులూ తలుపులూ, టేకు ప్లై పేరుతో అమ్మే పలకలతో చేసినవి, ఈ ఉత్తరంలో చెప్పిన పద్ధతులకు చాలావరకు లొంగవు. వాటి పొర లేచినా ఇస్త్రీపెట్టెతో పని జరగదు. అంచు వరకైతే జిగురు పంపి బిగించవచ్చు, పలక అంతా ఉబ్బితే మార్చుకోవడమే దారి. వాటికి రంగు వేసుకుంటారో, సన్‌మైకా వేసుకుంటారో, అది ఇంటివారి ఇష్టం. మీ వ్యాసంలోని సలహా అలాంటి సామానుకు చక్కగా వర్తిస్తుంది. చిక్కల్లా ఆ మాట చెప్పకుండా అన్నింటికీ ఒకే మందు రాసివ్వడంతో వచ్చింది. వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో, నీలం రంగు పూసుకుని కనిపిస్తున్న బల్ల, కాళ్ళ తీరునూ సొరుగు పిడులనూ బట్టి చూస్తే, ప్లైవుడ్ కాలపుదిలా నాకు అనిపించలేదు.

మా వృత్తి తరఫున ఒక ఒప్పుకోలు కూడా ఉంది. ఐటీఐలో మేము పొర అతకడం నేర్పాం, ఊడినదాన్ని తిరిగి అతకడం నేర్పలేదు. నా చేతి కింద శిక్షణ పొందిన పిల్లల్లో ఎవరినైనా పిలిచి ఇలాంటి బల్ల చూపిస్తే, తీసేసి కొత్త ప్లై వేద్దాం సార్ అనే అంటారు, ఆ తప్పు వాళ్ళది కాదు. సరేసు గిన్నె వాసన ఎరిగిన చేతులు మా ఊళ్ళో ఇప్పుడు నాకు తెలిసి మూడో నాలుగో మిగిలి ఉన్నాయి. ఇంటికి పిలిచిన మిస్త్రీ పని మొదలుపెట్టే ముందు, పొర కింద ఏ జిగురు ఉందో చూశావా నాయనా అని ఇంటివాళ్ళు ఒక్క మాట అడిగినా కొంత సామాను దక్కుతుంది.

కాబట్టి నా మనవి ఇది. ఆ వ్యాసానికి సవరణగా, పొర గీకే ముందు వేడినీటి చుక్కతో జిగురు పరీక్ష చేసుకోవాలనీ, మెత్తబడితే గీకకుండా తిరిగి అతికించే ప్రయత్నం చేయాలనీ, ఊడిన ముక్కలను దాచుకోవాలనీ మీ ఇంటి పేజీలో నాలుగు వాక్యాలు ప్రచురించండి. వానాకాలం మొదలయ్యేలోగా వస్తే కృష్ణా, గోదావరి జిల్లాల పాఠకులకు మరింత ఉపయోగం. అక్కయ్య గారి అద్దం బల్ల పైభాగానికీ ఒక సొరుగుకూ పాలిష్ పూర్తయింది. రెండో సొరుగు ముఖం ఇంకా ఇసుక సంచి కింద ఉంది. మీ విలేకరి ఎవరైనా వచ్చి చూడదలిస్తే, పని ఎలా జరిగిందో చూపించడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ వడ్రంగ శిక్షకుడు,
విజయవాడ